హన్సాన్ వదిన సూది

గోడ గడియారంలో పదిన్నర. అది అయిదు నిమిషాలు ముందు నడుస్తుందని షెడ్డులో అందరికీ తెలుసు, ఎవరూ సరిచేయరు, భోజనం అయిదు నిమిషాలు ముందొస్తే ఎవరికి చేదు. పదకొండున్నరకి యజమాని భార్య వంటింటి గుమ్మంలో నిలబడి గిన్నె మీద గరిటెతో కొడుతుంది, మేం చేతితొడుగులు విప్పుతాం, పులుసు గిన్నె చుట్టూ కూర్చుంటాం, అప్పుడు యజమాని వచ్చి ఓక్‌రేతో రేపటి నుంచి పనికి రావద్దని చెబుతాడు. ఈ సంగతి ఓక్‌రేకి తప్ప మిగతా తొమ్మిదిమందికీ తెలుసు. దాన్ని ఆపగలిగినదాన్ని నేనేనన్న సంగతి మాత్రం నాకే తెలుసు. అయినా చేతులు వాటి పని అవి చేసుకుపోతున్నాయి. ఎడమ చేతిలో ఆల్చిప్ప, కుడి చేతిలో పొట్టి కత్తి, అంచున దూర్చి మణికట్టు తిప్పితే టక్కుమంటుంది, లోపలి కండ తెగుతుంది, తెల్లని ముద్ద బుట్టలోకి, గుల్ల కాళ్ల దగ్గరి కంతలోకి. ముప్ఫై ఒక్క ఏళ్లు. నిద్రలో కూడా నా మణికట్టు తిరుగుతుందని మా ఆయన బతికున్నప్పుడు నవ్వేవాడు, అటు తిరిగి పడుకోవే, ఏదో ఒకరోజు నన్నూ వలిచి బుట్టలో పడేస్తావు అని.

ఓక్‌రే తలుపు పక్కన చివరి బల్ల దగ్గర ఒక్కతే నిలబడి ఉంది. పదమూడేళ్లు నా ఎడమ పక్కన నిలబడ్డ మనిషి. ఇప్పుడు అక్కడ ఖాళీ, ఆ ఖాళీలోంచి సముద్రపు గాలి నేరుగా నా మెడకి కొడుతోంది, ఇన్నేళ్లూ ఆ గాలిని ఆమె కాచిందని నాకు తట్టనే లేదు. ఆమె కత్తి పిడికి నీలం టేపు చుట్టి ఉంది. బుట్టకి నీలం టేపు, అన్నం గిన్నెకి నీలం టేపు, చెంచాకి నీలం టేపు. చుట్టింది మల్జా. మల్జా నాకు ఎదురుగా నిలబడి వలుస్తుంది, యాభై తొమ్మిదేళ్లు, మంచి మనిషే, ఎవరింట్లో చావు జరిగినా ముందుగా వెళ్లి అంట్లు ముందేసుకునేది ఆమే, కాకపోతే ఆమెకి భయం పట్టుకుంటే పదిమందికీ పంచిపెట్టేదాకా నిద్రపట్టదు. ఓక్‌రేకి ఈ ఏడు యాభై ఆరు నిండాయి. ఆ వయసువాళ్లకి సర్కారు చేయించే పరీక్షల్లో కొత్తగా ఒక రక్తపరీక్ష కలిపారు, అందులో బయటపడింది, హెపటైటిస్-సి. రక్తంలో చేరి కాలేయాన్ని మెల్లిగా తినే జబ్బు. ఓక్‌రే దాచలేదు. పదిగంటల కాఫీ తాగుతూ, కొత్త చెప్పులు కొన్న సంగతి చెప్పినట్టు చెప్పేసింది. మల్జా కాగితం కప్పు బల్ల మీద పెట్టేసి ఆ కాఫీ మళ్లీ ముట్టలేదు.

"ఏ కాదు, బీ కాదు, సీనా? అంటే మూడో మెట్టు దాకా ఎక్కేసిందన్నమాట!"

"మెట్లు కావక్కా, రకాలు. బస్సు నంబర్లు ఉండవూ, అలాగ."

"నువ్వు నాకు చెప్పొచ్చావు. మా మేనల్లుడికి ఏ వస్తే నెల్లాళ్లు మంచం దిగలేదు. ఏకే అంత అయితే, సీ అంటే ఏమనుకోవాలి?"

ఓక్‌రే మర్నాడు ఆరోగ్య కేంద్రంవాళ్లిచ్చిన కాగితం తెచ్చింది. ఒకే గిన్నెలో తింటే రాదు, దగ్గితే రాదు, ఒకరి రక్తం ఇంకొకరి రక్తంలో కలిస్తేనే వస్తుంది, మాత్రలున్నాయి, నయమవుతుంది అని అందులో పెద్ద అక్షరాలతో ఉంది. మల్జా దాన్ని సగం చదివి, మీద కిమ్చీ పచ్చడి డబ్బా పెట్టింది. రక్తం అన్న మాట దగ్గరే ఆమె ఆగిపోయింది. మాలో చేతులు తెగనివాళ్లు లేరు, ఆల్చిప్ప అంచు రబ్బరు తొడుగునీ లోపలి నూలు తొడుగునీ కలిపి కోస్తుంది, టేపు చుట్టుకుని మళ్లీ వలుస్తాం. ఆమె రక్తం బుట్టలో పడితే, సరుకు కొనేవాళ్లకి తెలిస్తే, షెడ్డు మూతపడితే. మూడు "తే"లు వేసుకుని మల్జా యజమాని గదిలోకి వెళ్లింది, వెనక ఎనిమిదిమందిమి వెళ్లాం. ఆమె ఉంటే మేం రాం అని మల్జా అంది. నేను మా అందరికంటే వెనక, చెప్పుల స్టాండు పక్కన నిలబడి, యజమాని బల్ల మీది కేలెండరులో ఆటుపోట్ల వేళలు చదువుకున్నాను. యజమాని మమ్మల్ని లెక్కపెట్టినప్పుడు నన్నూ కలిపే లెక్కపెట్టాడు.

పదకొండుకి పది నిమిషాలు. బెల్టు మీద నుంచి కొత్త కుప్ప దబ్బున పడింది, నీళ్లు నా మొహాన చిమ్మాయి, ఉప్పు. రేడియోలో ఎవడో రైల్వే స్టేషను గురించీ వాన గురించీ ఏడుస్తూ పాడుతున్నాడు. ఓక్‌రే ఆ పాటకి పెదవులు కదుపుతోంది, టక్కు, టక్కు, ఆమె కత్తి చప్పుడు నేను కళ్లు మూసుకుని కూడా పోల్చగలను, రెండు వేగంగా, ఒకటి నిదానంగా. ఈ షెడ్డులోకి ఆమెని తెచ్చింది నేనే. యోక్జీ దీవి నుంచి పడవ దిగి, ఇద్దరు పిల్లలతో, ఎక్కడ పని దొరుకుతుందని రేవులో చేపలమ్మేవాళ్లని అడుగుతూ తిరుగుతుంటే, నా వెంట రా అన్నాను. పిల్లల సంగతులన్నీ నాకు అప్పచెప్పేది, చేతులు ఆడుతుంటే నోరు ఊరుకోదు కదా. రెండోవాడు తుపాను రోజున పుట్టాడని, పడవలు ఆగిపోయాయని, అత్తగారే బొడ్డు కోసిందని, కత్తెర అన్నం గిన్నెలో మరిగించిందని, ఆ తరవాత నెల్లాళ్లు ఆ గిన్నెలో వండిన అన్నం మావగారు తినలేదని. ఎన్నిసార్లు విన్నానో. అందుకే ఆ రోజు కాఫీ అయి మళ్లీ కత్తులు పట్టాక, నీకిది ఎక్కడ తగిలిందని మల్జా గుచ్చి గుచ్చి అడిగినప్పుడు, ఓక్‌రే ఆల్చిప్ప మీద నుంచి చూపు ఎత్తకుండా "రెండో కాన్పులో, పూసాన్ ఆసుపత్రిలో రక్తం ఎక్కించారు" అంటే, నా కత్తి ఒక్కసారి జారింది.

పూసాన్ కాదు, ఆసుపత్రీ కాదు, రక్తమూ కాదు. ఎందుకు అబద్ధమాడిందా అని రెండు రోజులు నన్ను నేను అడుగుతున్నట్టు నటించాను. మనిషి తనని తాను ఎంత తీరిగ్గా మోసం చేసుకోగలదో ఆ రెండు రోజుల్లో చూశాను, కుతూహలంగానే చూశాను, పక్కింటావిడ సంసారాన్ని కిటికీలోంచి చూసినట్టు. మూడో రోజు పొద్దున చొక్కా తొడుక్కుంటుంటే మెడ పట్టీ లోపల సూది చేతికి తగిలింది.

ఆ సూది సంగతి తొన్‌యోంగ్ రేవులో సగం ఆడవాళ్లకి తెలుసు. తిన్నది గుండెల దగ్గర అడ్డం పడి, మొహం పాలిపోయి, చేతులు చల్లబడితే నా దగ్గరికొస్తారు. భుజం నుంచి మణికట్టు దాకా రక్తాన్ని కిందికి తోముతాను, బొటనవేలికి నల్లదారం బిగించి కడతాను, సూదిని నా తలలో రెండుసార్లు దువ్వుతాను, గోరు మొదట్లో టక్కున గుచ్చుతాను. నల్లటి చుక్క ఉబుకుతుంది. మనిషి గట్టిగా తేనుస్తుంది, మొహంలోకి రంగొస్తుంది, వదినా నీ చెయ్యి దేవుడి చెయ్యి అంటుంది. మందుల షాపుకి వెళ్లే తీరిక ఎవరికుంది, బుట్ట నిండాలి. మా అమ్మ చేసేది, ఆమె దగ్గర నేర్చుకున్నాను. అమ్మ దగ్గరే ఇంకోటి కూడా నేర్చుకున్నాను. పిల్లలు సూదిని చూసి ఏడుస్తారని అమ్మ ముందు తన బొటనవేలికి గుచ్చుకునేది, చూడండర్రా, చీమ కుట్టినట్టు కూడా లేదు అని. నాకూ అది అలవాటైంది. పెద్దాళ్లు ఏడవరు, అయినా మానలేదు, ఎందుకంటే అందులో ఒక వేడుక ఉంది. నా వేలికి దారం ఉండదు కాబట్టి నా చుక్క ఎర్రగా వస్తుంది. దారం కట్టిన వేలిది నల్లగా వస్తుంది. రెండూ పక్కపక్కన పెట్టి చూపించేదాన్ని. చూశావా, నాది శుభ్రమైన రక్తం, నీది చెడిపోయిన రక్తం, ఇందుకే నీకు అరగలేదు. అందరూ తలలూపేవాళ్లు. ముందు నాకు, తరవాత వాళ్లకి, అదే సూది, ముప్ఫై ఏళ్లు. ఓక్‌రేకి ఏడాదికి నాలుగైదుసార్లు, ఆమెకి చిన్నప్పటి నుంచీ అరుగుదల తక్కువ.

ఆరోగ్య కేంద్రానికి ఎవరికీ చెప్పకుండా వెళ్లాను. నా వయసు అరవై నాలుగు, ఆ కొత్త పరీక్ష వయసు నాకు దాటిపోయింది, నేను అడగకపోతే ఎవరూ చెయ్యరు, అడగకపోతే చచ్చేదాకా నా రక్తం ఎర్రగానే ఉంటుంది. నర్సు పిల్లకి నా కూతురికంటే తక్కువ వయసు. ఎందుకు చేయించుకుంటున్నారు బామ్మా అంది. ఊరికే అన్నాను. నిన్న మధ్యాహ్నం ఫోను చేసి, ఉందని చెప్పారు. బస్సెక్కి వెళితే డాక్టరు అడిగాడు, రక్తం ఎక్కించారా, దంతాలు పీకించుకున్నారా, పచ్చబొట్టు ఉందా. నేను కనుబొమ్మలు తడుముకున్నాను. ఒక ఎండాకాలం పచ్చబొట్ల ఆవిడ ఒకతె పెట్టె పట్టుకుని మా వీధికొచ్చింది, ఒక్క పూటలో ఏడుగురికి కనుబొమ్మలు వేసి పోయింది, అందరికీ ఒకే వంపు, ఇప్పటికీ మేం వరసగా నిలబడితే ఒకే మనిషి ఏడుసార్లు ఆశ్చర్యపోయినట్టు ఉంటాం. ఆ ఆవిడే అయ్యుంటుంది. నాకెంత హాయిగా అనిపించిందో చెప్పలేను. బస్సు రెండు స్టాపులు దాటేదాకా ఆ హాయి ఉంది. తరవాత ఓక్‌రే మొహం గుర్తొచ్చింది. ఆమె కనుబొమ్మలు పుట్టుకతో వచ్చినవి, గుబురుగా, నల్లగా. ఆవిడ పెట్టె తెరిచిన రోజున, నాకెందుకమ్మా, ఉన్నవే దువ్వలేక చస్తున్నాను అని ఓక్‌రే నవ్వి వెళ్లిపోయింది.

లేదూ, దీవుల మీద తిరిగే ఇంజెక్షన్ల మనిషి అయినా అయ్యుండొచ్చు. నా చిన్నప్పుడు మా హన్సాన్ దీవికి నెలకోసారి పడవలో వచ్చేవాడు, తోలు సంచీ, గాజు సిరంజి ఒకటే, సముద్రంలో మునిగి గవ్వలు ఏరే ఆడవాళ్లందరూ మోకాళ్లు లాగుతున్నాయని వరసలో నిలబడేవాళ్లు. అమ్మ నన్నూ నిలబెట్టింది, ఈ పిల్ల పాలిపోయింది, దీనికీ ఒకటెయ్యి అని. యాభై మూడేళ్లకి అమ్మ కళ్లు పచ్చబడ్డాయి, కాళ్లు సన్నబడ్డాయి, కడుపు మాత్రం నిండు చూలాలిలా పెరిగింది. ఊళ్లో అన్నారు, దొంగచాటుగా తాగి ఉంటుంది, లేకపోతే ఆ జబ్బు ఎందుకొస్తుంది అని. అమ్మ జీవితంలో ఒక్క చుక్క ముట్టలేదు. తద్దినం నాడు పోసే సారా వాసనకే ముక్కు మూసుకునేది. ఆ మాటలు విని నేను కూడా ఒకరోజు, అన్నయ్య లేనప్పుడు, బియ్యం కుండల వెనక సీసా కోసం వెతికాను. దొరకలేదు. వెతికినందుకు ఇన్నేళ్లలో ఎప్పుడూ లేని సిగ్గు నిన్న బస్సులో వేసింది, పక్క సీటాయన కిటికీ తెరవమంటారా అని అడిగాడు.

పదకొండూ పది. మల్జా కత్తి చప్పుడు ఆగింది. తల ఎత్తితే, ఆమె రెండు చేతులూ బల్ల మీద ఆనించి నిలబడి ఉంది. పొద్దున మనవడి పుట్టినరోజని బియ్యప్పిండి ఉండలు తెచ్చి పంచింది, చల్లబడి రాయిలా ఉన్నాయి, తనే మూడు తినింది. ఓక్‌రే వంతు ఉండని చెంచాతో తోసింది, చేత్తో ఇవ్వలేదు. ఓక్‌రే, మనవడు వందేళ్లు బతకాలక్కా అని రెండు చేతులూ చాచి అందుకుంది.

"ఏమైంది?" అన్నాను.

"ఏం లేదు. వలుచుకో," అంది మల్జా. మళ్లీ కత్తి అందుకుంది.

ఇంకో ఇరవై నిమిషాల్లో ఏమవుతుందో నాకు తెలుసు. యజమాని మర్యాదస్తుడు, కేకలెయ్యడు, మా అందరి క్షేమం కోసమే అంటాడు. ఓక్‌రే సరేనంటుంది. టేపు చుట్టిన గిన్నె కడిగి బోర్లించి, బూట్లు విప్పి, చెప్పులేసుకుని వెళ్లిపోతుంది. ఈ వయసులో ఇంకో షెడ్డువాళ్లు తీసుకోరు, కబురు ఆమెకంటే ముందే చేరుతుంది. నేను వలుస్తూనే ఉంటాను. నోరు తెరిస్తే ఆ చివరి బల్ల నాది. అంతే కాదు, వదినా నీ చెయ్యి దేవుడి చెయ్యి అన్నవాళ్లందరూ ఆ చేతిని ఎలా చూస్తారో కూడా ఊహించాను. ఓక్‌రే దగ్గరికెళ్లి, నీకు తెలుసా అని అడగాలని పది రోజులుగా అనుకుంటున్నాను. అడగనక్కర్లేదు. డాక్టరు ఆమెనీ అవే ప్రశ్నలు అడిగి ఉంటాడు, సూదులేమైనా గుచ్చుకున్నాయా అని అడిగిన క్షణాన ఆమెకి నా బొటనవేలు కళ్ల ముందు నిలిచి ఉంటుంది. ఇంటికి పోయి, ఆలోచించి, పూసాన్ ఆసుపత్రి ఒకటి కట్టుకుని వచ్చింది. నాకోసం. నా ఎదురుగానే ఆ అబద్ధం ఆడింది, నేను ఎరుగుదునని ఎరిగి ఆడింది, నేను దాన్ని పుచ్చుకున్నాను.

గిన్నె మీద గరిటె మోగింది. తొడుగులు విప్పాం. సోయా ముద్ద పులుసు పొయ్యి మీద నుంచి దించినా ఇంకా కుతకుతలాడుతోంది, చుట్టూ తొమ్మిది చెంచాలు. ఓక్‌రే తన గిన్నెలో పోయించుకుని తలుపు దగ్గర బోర్లించిన బుట్ట మీద కూర్చుంది. యజమాని వచ్చాడు. గుమ్మంలో బూట్లు తుడుచుకున్నాడు, ఎప్పుడూ తుడుచుకోడు. గొంతు సవరించుకుని "ఓక్‌రే గారూ, ఒక మాట" అన్నాడు.

"వదినా," అంది మల్జా. మొహం సున్నం కొట్టినట్టుంది, పెదవుల చుట్టూ చెమట. కడుపు పట్టుకుని నా ఒళ్లోకి ఒరిగింది. "ఇక్కడ రాయిలా నిలబడిపోయింది వదినా. ఊపిరాడట్లేదు. సూది తియ్యి."

యజమాని ఆగాడు. జబ్బు మనిషి ముందు, మిగతా మాటలు తరవాత, అది ఎవరికీ చెప్పనక్కర్లేదు. ఎవరో దారం అందించారు, ఇంకెవరో మల్జా చెయ్యి కిందికి తోమారు, బొటనవేలు కట్టేశారు, నేను చెప్పకుండానే అన్నీ జరిగిపోయాయి. ఊదారంగుకి తిరిగిన ఆ వేలు నా మొహం ముందుకొచ్చింది. నా చెయ్యి మెడ పట్టీ దగ్గరికి వెళ్లింది. సూది అక్కడే ఉంది. చెయ్యి దించేశాను.

"గుచ్చను."

"అదేంటి వదినా, చచ్చిపోతుంటే వేళాకోళమా?"

"నాకూ ఉంది మల్జా. ఓక్‌రేకి ఉన్నదే. నిన్న చెప్పారు." నా గొంతు ఎవరిదో విన్నట్టు నాకే వినబడింది, రేడియోలో వాతావరణం చెప్పేవాళ్ల గొంతులా ఉంది. "మీకు గుచ్చే ముందు నాకు గుచ్చుకునేదాన్ని, తెలుసు కదా. ప్రతిసారీ. అందరికీ. ఓక్‌రే పిల్లలిద్దరూ దీవిలోనే పుట్టారు, ఆమెకెవరూ రక్తం ఎక్కించలేదు. నా పేరు బయటికి రాకూడదని అలా చెప్పింది."

ముందు నా పక్కనున్నామె తన బొటనవేలు చూసుకుంది. తరవాత ఇంకొకామె, కిటికీ వైపు తిప్పి, వెలుతుర్లో. ఎనిమిదిమందీ, ఒకరి తరవాత ఒకరు. యజమాని భార్య గరిటె ఆ చేతిలోంచి ఈ చేతిలోకి మార్చుకుని చూసుకుంది. యజమాని, పోయిన శీతాకాలం పీతలు తిని అరక్క నా దగ్గరికొచ్చిన మనిషి, కుడిచెయ్యి జేబులో పెట్టుకున్నాడు. ఏమో చెప్పబోయి మానేశాడు.

ఓక్‌రే లేచింది. గిన్నె నేల మీద పెట్టి మా మధ్యకి వచ్చింది.

"నిన్నెవరు అడిగారు వదినా?" అంది నాతో. కోపంగానే అంది. "పది రోజులు ఉగ్గబట్టుకున్నాను. ఇంకో పది రోజులైతే మర్చిపోయేవాళ్లు."

ఆమె మల్జా వేలికున్న దారాన్ని పళ్లతో తెంపింది, వెనక చేరి, రెండు రెక్కల మధ్య అరచేత్తో చరచడం మొదలెట్టింది, గట్టిగా, కిందికి తోముతూ, మళ్లీ చరుస్తూ. మల్జా ముందుకి వంగి, కళ్లు మూసుకుని ఉంది. ఆ చెయ్యి కింద నుంచి కదల్లేదు. చాలాసేపటికి పెద్దగా తేనుపు వచ్చింది, ఎవరూ నవ్వలేదు. మల్జా తన వేలు పట్టుకుని, ఊదారంగు పోయి తెల్లబడుతున్న గోరుని చూస్తూ కూర్చుంది.

"ఓక్‌రే," అంది చివరికి, చిన్న గొంతుతో. "ఆ మాత్రలు చేదుగా ఉంటాయా?"

"ఉండవక్కా," అంది ఓక్‌రే, వీపు మీద చెయ్యి ఆపకుండా. "రోజుకి మూడు. అన్నంతో పాటు వేసుకోవాలి, అంతే."